తీగల వంతెన మీద అక్క చీర

మా వైపు నుంచి సూరత్‌కు పోయేవాళ్లు చీరలకే పోతారు. ఆదోని, ప్రొద్దుటూరు బట్టల షాపుల వాళ్లు ఏడాదికి రెండుసార్లయినా ఆ ఊరు తొక్కి వస్తారు. మాది బట్టల వ్యాపారం కాదు. కర్నూలులో నాకు చిన్న బండల యార్డు ఉంది. ఓర్వకల్లు దారిలో బేతంచెర్ల బండలు పేర్చి అమ్ముకుంటాను. పదో తరగతి తప్పాక బడి వైపు పోలేదు కానీ, లెక్కలు ఆ బండల మీదే సొంతంగా నేర్చుకున్నాను. గది చూపిస్తే ఎంత బండ పడుతుందో, కోతలో ఎంత పోతుందో కాగితం లేకుండా చెప్పగలను. మేస్త్రీలు కూడా ఒక్కోసారి ఫోను చేసి అడుగుతారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సూరత్‌లో నా పరువు పోయింది ఈ లెక్కల వల్లే. పరువు కంటే పెద్దది ఇంకొకటి కూడా పోయింది. అది మాత్రం నా నోటి వల్ల పోయింది.

మా అక్క లక్షుమ్మ రాయచోటి దగ్గర పల్లెలో ఉంటుంది. అక్కా బావా తమ చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, కొత్తిల్లు కట్టుకున్నారు. వైశాఖంలో గృహప్రవేశం. అయినవాళ్లకు, ఇంటి పని చేసినవాళ్లకు పెట్టడానికి అరవై దాకా చీరలు కావలసి వచ్చాయి. రాయచోటి ధరలూ, సూరత్ టోకు ధరలూ కనుక్కుని, రైలు ఖర్చు, లాడ్జి, తిండి అన్నీ కలుపుకున్నా సూరతే తక్కువ పడుతుందని తేల్చింది నేనే. బావకు మోకాళ్ల నొప్పులు, పైగా తోటకు నీళ్లు కట్టే పని. అందుకని అక్కా నేనూ బయలుదేరాం.

అక్కకు ఈ ప్రయాణంలో ఇంకో పని కూడా ఉంది. తోటలో బోర్లు వరసగా ఎండిపోయిన రోజుల్లో ఆమె ఒక మొక్కు మొక్కింది. ఈసారి వేసే బోరులో నీళ్లు పడితే పారే గంగమ్మకు పుట్టింటి చీర పెడతానని. నీళ్లు పడ్డాయి. చెట్లు బతికాయి. మొక్కు మాత్రం అట్లాగే ఉండిపోయింది. పెన్న పారిన ఏడు ఆమె జ్వరంతో మంచం మీద ఉంది. ఆ తర్వాత పెన్నలో ఇసుకే. మేము బయలుదేరే నాటికి కర్నూలులో తుంగభద్ర కూడా బండరాళ్లు తేలి, మధ్య మధ్య మడుగులతో ఉంది.

మా వైపు నదికి చీర పెడితే ఇంటి ఆడబిడ్డకు పెట్టినట్టే పెట్టాలి. పసుపు, కుంకుమ, గాజులు, చీర తట్టలో పెట్టి ఆమె పట్టుకుంటే, ఆ తట్ట కింద ఆమె అన్నో తమ్ముడో చేయి పెట్టాలి. అప్పుడే అది పుట్టింటి చీర అవుతుంది. మా అమ్మానాయన పోయారు. అక్కకు తోబుట్టువును నేనొక్కణ్ణే. మొక్కు తీరందే కొత్తింట్లో పాలు పొంగించేది లేదని ఆమె బావకు ముందే చెప్పేసింది.

గుంతకల్లు దాటాక

అక్క ఇంటి నుంచి, నేనిచ్చిన డబ్బుతో కొన్న ఒక నూలు చీర తెచ్చుకుంది. పసుపుపచ్చ చీర, ఎర్ర అంచు. కర్నూలులో సంచి సర్దేటప్పుడు నేనే దాన్ని తీయించాను. రైలు గుంతకల్లు దాటాక ఆమె ఆ మాట ఎత్తింది.

"నీ మాట ఇని ఆ నూలు చీర ఇంట్లోనే పెట్టి వస్తి. మనసు ఒప్పక ఉండాదప్పా."

"అక్కా, మనం పోయేది చీరల ఊరికి. ఆడికి చీర మోసుకోని పోతే నవ్వుతారు. అరవై కొంటే ఇంకోటి ఉత్తగా ఇస్తారు."

"గంగమ్మకు ఉత్తగా వచ్చిన చీరనా?"

"దానికి ధర కట్టి నేనిస్తాలే. నా చేతి దుడ్లే అయితాయి."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆ మాటతో సమాధానపడిందని నేను అనుకున్నాను.

సోలాపూర్ దగ్గర ఒక మరాఠీ ముసలామె ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చుంది. మూటలోంచి జొన్న రొట్టెలు తీసింది. మన రొట్టే, కాకపోతే కాస్త మందం. పక్కన పచ్చిమిరపకాయ నూరిన ముద్ద. అక్క తన డబ్బాలోంచి చెనక్కాయల పొడి తీసి ఆమెకు పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా కోడళ్ల సంగతి మాట్లాడుకున్నట్టే ఉంది, మధ్య మధ్య ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. నాకు హిందీ వచ్చు. కర్నూలులో పెరిగినవాడికి అది రాకుండా ఉండదు. నేను మధ్యలో అర్థం చెప్పబోతే అక్క ఆపింది.

"నువ్వు ఊరికే ఉండబ్బీ. మాకు తెలుస్తాండాది."

ముంబై దగ్గర రైలు మారేటప్పుడు మా పెట్టె ఏ చివర ఆగుతుందో నేను లెక్కగట్టాను. రైలు పెట్టెల వరస తలకిందులుగా వచ్చింది. సంచులు మోసుకుంటూ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాం. పెట్టెలో కూలబడ్డాక అక్క రొప్పుతూ, "నీ లెక్కతో నా కాళ్లు విరిగిపాయ" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ప్రయాణంలో ఇద్దరం కలిసి నవ్వింది అదే చివరిసారి.

చీరల బజారు

సూరత్ బట్టల బజారు మన ఊహకు అందేది కాదు. అంతస్తు మీద అంతస్తు, ప్రతి అంతస్తులోనూ వరసగా షాపులు. నెత్తి మీద బట్టల బేళ్లు పెట్టుకుని పోయే మనుషులు "బాజూ, బాజూ" అని అరుస్తుంటారు, అంటే పక్కకు తప్పుకోమని. తప్పుకోకపోతే వాళ్ల తప్పు కాదు. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరచిన పరుపు మీద కూర్చుని బేరం చేయాలి. కూర్చోగానే మంచినీళ్లు, వెంటనే చిన్న కప్పులో టీ. ఏమీ కొనకుండా లేచిపోయినా మొహం మాడ్చుకోరు. మన బజార్లలో నాలుగు చీరలు తీయించి లేస్తే వెనక నుంచి ఏం వినబడుతుందో అందరికీ తెలుసు.

ఇక్కడ ఒక చీర అమ్మరు. ఒకే రకం ఆరో ఎనిమిదో కలిపి కట్టగా తీసుకోవాలి. రంగులు వేరు, పువ్వు ఒకటే. అక్కకు ఇది నచ్చలేదు.

"అందరికీ ఒగే పువ్వు పెడితే, బ్యాండు మేళమోళ్ల మాదిరి కనపడతారు గదా."

నేను ఆ మాటను హిందీలోకి మార్చి చెప్తే షాపాయన కడుపు పట్టుకుని నవ్వి, ధరలో కొంచెం తగ్గించాడు. మంచి చీర మూడు వందల లోపలే పడింది. రాయచోటిలో అదే చీర ఐదు వందలు దాటుతుంది. నా లెక్క నెగ్గినందుకు నాకు లోపల సంతోషంగా ఉంది.

చివర్లో నేను అడిగితే షాపాయన ఒక విడి చీర పైన పెట్టాడు. ఆకుపచ్చ రంగు, మెరుపు అంచు. చేతిలో పెడితే నీళ్లలాగా జారిపోతోంది. అక్క దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది.

"నూలు కాదే ఇది."

"ఈడ నూలు దొరకదక్కా. చూడు, ఎంత తేలికో. గంగమ్మకు బరువుండదు."

అది అబద్ధం. నూలు చీరలు కూడా ఆ బజారులోనే రెండు వీధుల అవతల ఉన్నాయి. పోయి చూడడానికి నాకు ఓపిక లేదు. సాయంత్రానికి ఆ ఊరి తీగల వంతెన చూడాలని ఉంది.

మధ్యాహ్నం భోజనం ఒక థాలీ హోటల్లో చేశాం. పప్పులో బెల్లం, కూరలో చక్కెర. నూట అరవై రూపాయలకు ఎంత తిన్నా అడ్డు చెప్పరు, వద్దన్నా రొట్టె మీద రొట్టె వేస్తారు. అక్క పప్పు నోట్లో పెట్టుకుని, "ఇది పప్పా పాయసమా అబ్బీ?" అని అడిగి, సంచిలోంచి కారప్పొడి తీసింది. వడ్డించేవాడు కూడా కొంచెం అడిగి వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు పెట్టుకుని, ఇంకొంచెం అడిగాడు.

తీగల వంతెన

సూరత్ మధ్య నుంచి తాపీ నది పోతుంది. దాని మీద వంతెనలు చాలా ఉన్నాయి. జనం సాయంత్రం పూట చూడబోయేది మాత్రం తీగల వంతెననే. నది మధ్యలో ఎత్తయిన కంభాలు, వాటి పైనుంచి రెండు వైపులా విసనకర్ర పుల్లల్లాగా దిగిన తీగలు. దారి మొత్తం ఆ తీగలకే వేలాడుతున్నట్టు ఉంటుంది. బండలు మోయించే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి బరువు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో చూడటం నాకు అలవాటు. కంభానికి దగ్గరగా ఉన్న తీగ నిటారుగా లాగుతుంది. దూరంగా ఉన్నది వాలిపోయి ఉంటుంది కాబట్టి అంతే బరువుకు ఇంకా గట్టిగా లాగాలి. ఇదంతా అక్కకు చెప్పాను. ఆమె తల వెనక్కి వాల్చి చూసింది.

"మగ్గం మాదిరి ఉండాది. పడుగు కట్టినట్ల."

నేను చెప్పినదానికంటే అదే బాగుంది.

తర్వాత ఆమె కిందికి చూసింది. నీళ్లు. అంచు నుంచి అంచు దాకా, కదిలే నీళ్లు. ఆమె చేతులు జోడించింది.

"శానా ఉండాయి అబ్బీ నీళ్లు. కిందికి పోదాం పా. ఒగసారి తాకాల."

కిందికి దారి ఎక్కడుందో నాకు తెలియదు. పైనుంచి చూస్తే ఒడ్డున బురద కనబడుతోంది. మరుసటి రోజు బేళ్లు రవాణాకు వేయాలి, మధ్యాహ్నం రైలు. వంతెన మీద నుంచే పెడదామని నేను అన్నాను. నీళ్లు అవే, గంగమ్మ అదే.

"పైనుంచి ఇసిరేస్తే ఆమెకు పెట్టినట్ల యట్ల అయితాది?"

"ఇసిరేది కాదు. చెంగులో టెంకాయ కడదాం. ఆ బరువుకు నేరుగా దిగుతాది. నేను చెప్తాండా గదా."

ఆమె ఒప్పుకుంది. నేను చెప్పాను కాబట్టి ఒప్పుకుంది. మడత మీద వదిలితే గంగమ్మ ఎట్లా కట్టుకుంటుందని మాత్రం అడిగింది. అందుకని ఆమె సంచిలోంచి తట్ట, టెంకాయ తీసింది. చీర విప్పి, ఒక చెంగులో టెంకాయ పెట్టి నేనే ముడి వేశాను. ఇంటి దగ్గర నూలు చీరకు వేసే ముడే వేశాను. టెంకాయ బరువు, చీర పొడవు, వీచే గాలి అన్నీ మనసులో చూసుకున్నాను. గాలి ఎదురుగా సముద్రం వైపు నుంచి వస్తోంది. అవతలి పక్కకు పోయి వదిలితే చీర నది మీదకే పోతుందన్న చిన్న సంగతి నాకు తట్టలేదు.

అక్క వంతెన పిట్టగోడ మీద తట్ట పెట్టి, పసుపు కుంకుమలు చల్లి, దండం పెట్టుకుంది. అప్పటికే జనం చూస్తున్నారు. ఇద్దరు అమ్మాయిలు ఫోన్లు పైకెత్తారు. మెడలో పసుపుతాడు, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో విప్పిన చీర. నా కంటికి అక్క మొదటిసారి పల్లెటూరి మనిషిలా కనబడింది. తట్ట కింద చేయి పెట్టాల్సినవాణ్ణి, ముట్టీ ముట్టకుండా వేళ్లు ఆనించి, వెంటనే పక్కకు జరిగి, ఒక తీగ దగ్గర నిలబడి పైకి చూడటం మొదలుపెట్టాను. వంతెన చూడటానికి వచ్చిన ఇంకొకడిలాగా.

అక్క చీర వదిలింది. టెంకాయ నేరుగా దిగింది. నా లెక్క సరిపోయిందని అనుకునే లోపలే ముడి జారింది. ఆ చీర నూలు కాదు. దానిలో ముడి నిలవదు. టెంకాయ ఒక్కటే నీళ్లలో పడింది. తేలికయిన చీర గాలికి లేచి, పిట్టగోడ దాటి, మా తలల మీదుగా దారి మీదకు పోయింది. స్కూటరు మీద వస్తున్న ఒకాయన మొహం మీద పడింది.

ఆయన స్కూటరుతో సహా పక్కకు ఒరిగిపోయాడు. వెనక కారు కీచుమని ఆగింది. జనం మూగారు. వంతెన కాపలావాడు ఈల వేసుకుంటూ పరుగెత్తుకొచ్చి, అక్క చేతిలో ఖాళీ తట్ట చూసి ఆమె మీద విరుచుకుపడ్డాడు. పైనుంచి వస్తువులు పారేయడం నేరం, జరిమానా కట్టు, పోలీసులను పిలుస్తాను, నీతో ఎవరున్నారు అని హిందీలో అరుస్తున్నాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా వైపు తిరిగింది.

"అబ్బీ, ఏమంటాండాడో చెప్పు."

కాపలావాడు కూడా నా వైపు తిరిగాడు. "యే ఆప్‌కే సాథ్ హై?"

ఈమె మీతో వచ్చిన మనిషేనా అని. అందరి కళ్లూ, ఆ ఫోన్లూ నా మీదే ఉన్నాయి.

"నహీ" అన్నాను.

అక్కకు హిందీ రాదు. ఆ మాట మాత్రం తెలుగువాళ్లలో ఎవరికి తెలియదు? ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. తప్పు ఇంటి తలుపు తట్టామని తెలిసినప్పుడు మనం చూస్తామే, అట్లా చూసింది. తర్వాత తట్ట కింద పెట్టి, నేరుగా ఆ పడినాయన దగ్గరికి పోయింది.

ఇద్దరూ కలిసి స్కూటరు లేపారు. చక్రంలో చుట్టుకున్న చీరను ఆమె లాగి తీసింది. ఒకచోట బెత్తెడు మేర చిరిగిపోయింది. ఆయన మోకాలు దోక్కుపోయి నెత్తురు వస్తుంటే తన కొంగుతో ఒత్తింది. ఆయనకు నా వయసే ఉంటుంది. నెరిసిన మీసం, చొక్కా జేబులో కళ్లద్దాలు. కాపలావాడు మళ్లీ మొదలుపెట్టబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"పోనీ భాయ్, వదిలెయ్. పడ్డవాణ్ణి నేను, అరుపులు నీవా? చీర వస్తోందని చూసుకోకుండా నడిపింది నేనే."

కాపలావాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. జనం విడిపోయారు. ఆయన అక్కను చూసి, ఎందుకు వేశావని సైగతో అడిగాడు. ఆమె నీళ్ల వైపు చూపించి, చేతులు జోడించి, చీర కట్టబెడుతున్నట్టు చూపించింది. ఆయనకు అర్థమైంది. ఒంటరిగా వచ్చావా అని వేలు చూపించి అడిగాడు. ఆ ప్రశ్న కూడా అక్కకు అర్థమైంది. ఆమె వంగి చిరిగిన చీర మడత పెట్టుకుంది.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. కాపలావాడు పోయాక. మేమిద్దరం కలిసే వచ్చామని, ఆమె నా అక్క అని చెప్పాను.

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. "తీగలు చూడటం అయిపోయిందా, భాయ్ సాబ్?" అన్నాడు.

మందుల షాపు ముందర

ఆయన పేరు రమేశ్‌భాయ్. చీరలకు అంచులు కుట్టే కార్ఖానాలో పని. వంతెన అవతల మందుల షాపులో దూది, మందు నేను కొన్నాను. అంతకు మించి ఏమీ తీసుకోనన్నాడు. పక్కనే బండి దగ్గర టీ తాగాం. ఆ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. ఊరికి వచ్చినవాళ్ల చేత ఇప్పించకూడదట.

తాపీకి చీర పెట్టడం వాళ్లకూ ఉందని ఆయనే చెప్పాడు. నది పుట్టినరోజని ఒకటి చేస్తారు. ఆ రోజు పడవల్లో పోయి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అందేంత పొడుగు చీర నీళ్ల మీద పరుస్తారు. నదికి పుట్టినరోజన్న మాట నేను తెలుగులో చెప్తే అక్క కళ్లు విప్పార్చింది.

"మన పెన్నమ్మ యా దినం పుట్టిందో ఎవురికన్నా తెలుసునా?"

ఆ మాట ఆమె నాతో అనలేదు. రమేశ్‌భాయ్‌తో తెలుగులోనే అంది. ఆయన కూడా అర్థమైనట్టే తల ఊపాడు.

పొద్దున్నే ఓవారాకు రండి, నేనూ మా ఆవిడా వస్తాం అన్నాడు. ఓవారా అంటే నదిలోకి దిగే మెట్ల రేవు. సముద్రం పోటు మీద ఉన్న వేళ పోతే నీళ్లు మెట్ల దాకా వస్తాయి, బురద తొక్కే పని ఉండదు.

ఆ రాత్రి అక్క నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండు. భోజనంలో కిచిడీ, తియ్యటి మజ్జిగ పులుసు పెట్టారు. కారప్పొడి ముందు నా పళ్లెంలోనే వేసింది. నెయ్యి వేసుకోమంది. నేను నోరు తెరిచాను.

"అక్కా, ఆ కాపలావాడు అడిగినప్పుడు..."

"తిను అబ్బీ, చల్లగైపోతాది."

మామూలుగానే అంది. వినడం ఇష్టం లేక కాదు. వినాల్సింది ఏమీ మిగల్లేదన్నట్టు అంది.

ఓవారా

పొద్దున టిఫిను లోచో. శనగపప్పు రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, ముద్దగానే గరిటెతో ఎత్తి, పైన వెన్న, సేవు అనే సన్న కారప్పూస, కారం చల్లి ఇస్తారు. మనకు ఇడ్లీ సరిగ్గా కుదరకపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది చూడటానికి. తింటే మాత్రం ఇంకో ప్లేటు అడుగుతాం. నలభై రూపాయలు. నేను నా ప్లేటు సగంలోనే వదిలేశాను.

చిరిగిన చీర గంగమ్మకు పనికిరాదు. అక్క దారిలో ఒక చిన్న షాపు ముందు ఆగింది. అద్దంలో నూలు చీరలు వేలాడుతున్నాయి. ఇక్కడ దొరకవని నేను చెప్పిన నూలు చీరలు. ఆమె వాటినీ చూసింది, నన్నూ చూసింది. పసుపుపచ్చది ఒకటి తీయించింది. మా టోకు చీరకంటే రెండింతల ధర. నేను జేబులో చేయి పెట్టాను.

"నా కాడ ఉండాయిలే" అని కొంగు ముడి విప్పింది.

పుట్టింటి చీరకు పుట్టింటి డబ్బులే ఇవ్వాలి. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. నేను బతిమాలలేదు. బతిమాలడానికి మొహం చెల్లలేదు.

మేము పోయేసరికి రమేశ్‌భాయ్, ఆయన భార్య మంజుబెన్ రేవు దగ్గర ఉన్నారు. ఆయన కొద్దిగా కుంటుతున్నాడు. మంజుబెన్ బంతిపూలు, దీపం తెచ్చింది. అక్కకూ ఆమెకూ క్షణంలో మాటలు కలిశాయి, ఒకరిది తెలుగు, ఒకరిది గుజరాతీ. మంజుబెన్ అక్క కాళ్లకు పసుపు రాసింది. అక్క ఆమె కొప్పులో పూలు పెట్టింది.

పోటు మీద ఉంది నది. నీళ్లు సముద్రం వైపు నుంచి ఊళ్లోకి, ఎగువకు నడుస్తున్నాయి. నది వెనక్కి పారడం నేనెప్పుడూ చూడలేదు. అక్క కాసేపు నిలబడి చూసింది.

"ఇంటికి పోతాండాది గంగమ్మ" అంది.

నేను చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, కాళ్లు కడుక్కున్నాను. తట్టలో నూలు చీర, పసుపు, కుంకుమ, గాజులు సర్దడం అయింది. నేను మెట్టు దిగబోయాను. అక్క వెనక్కి తిరిగింది.

"నువ్వు ఈడనే ఉండబ్బీ. చెప్పులు చూస్తాండు. కుక్కలు తిరుగుతాండాయి."

గొంతులో కోపం లేదు. ఎండలో బిడ్డను నీడన ఉండమన్నట్టు చెప్పింది. నేను ఆగిపోయాను.

ఆమె నీళ్లలోకి దిగి, రమేశ్‌భాయ్‌ని చూసి, "అన్నా" అని పిలిచింది. ఆయనకు తెలుగు రాకపోయినా ఆ పిలుపు తెలిసింది. తట్ట కింద చేయి ఎట్లా పెట్టాలో తన చేత్తో చూపించింది. ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఇది ఎవరి చోటో ఆయనకు అర్థమైనట్టే ఉంది. అడుగుతున్నట్టు ఆగాడు. నేను తల ఊపాను. అంతకంటే ఏం చేయగలను?

ఆయన మోకాలి కట్టు తడుస్తున్నా నీళ్లలోకి దిగి, తట్ట కింద రెండు చేతులూ నిండుగా పెట్టాడు. వేళ్లు ఆనించి తీసేయలేదు. అక్క మడత విప్పింది. చీర నీళ్ల మీద పరుచుకుని, తడిసి, మెల్లగా ఎగువకు, తీగల వంతెన ఉన్న వైపు కాకుండా పాత ఊరి వైపు సాగింది. మంజుబెన్ ఏదో పాట అందుకుంది. అక్క ఏడుస్తూ నవ్వుతోంది. చీర ఎంత వేగంతో పోతోందో, మలుపు దాకా ఎంతసేపు పడుతుందో నా బుర్ర అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టింది. సిగ్గేసి ఆపాను.

మెట్లెక్కి వచ్చి అక్క తట్టలో మిగిలిన కుంకుమ నా నుదుట కూడా పెట్టింది. "పా, బేళ్లు ఎయ్యాల" అంది.

రాయచోటి

అనుకున్న ముహూర్తానికి కొత్తింట్లో పాలు పొంగాయి. నేను పంపిన బండల మీద అందరూ వరసగా కూర్చుని భోజనాలు చేశారు. చీరలు బాగున్నాయన్నారు. ఒకే పువ్వు అయినా ఎవరూ బ్యాండు మేళం అనలేదు. వడ్డన మధ్యలో మా మేనత్త, చెవులు సరిగా వినబడని మనిషి, గట్టిగా అడిగింది.

"ఏమే లక్షుమ్మా, మొక్కు తీర్చుకుంటివా? తమ్ముడు చెయ్యి పెట్టినాడా?"

నేను ఆకు వైపు చూస్తున్నాను. నా చేయి అన్నంలో ఆగిపోయింది.

"పెట్టకేమత్తా" అంది అక్క, ఇంకా గట్టిగా, అందరికీ వినబడేట్టు. "వాడే గదా నాకు పుట్టిల్లు. ఈ పక్క నుంచి ఆ పక్కకు కంటికి ఆనని నీళ్లల్లో పెట్టిచ్చినాడు."

మేనత్త నా తల నిమిరింది. తమ్ముడంటే అట్లుండాల అన్నారెవరో. బావ తన ఆకులోని బూరె తీసి నా ఆకులో వేశాడు. వంతెన ఎట్లుంటాదో చెప్పమని పక్కవాళ్లు అడిగారు. నేను చెప్పాను. కంభాల ఎత్తు, తీగల వాలు, ఏ తీగ ఎంత గట్టిగా లాగాలో అన్నీ వివరంగా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అక్క రసం గిన్నెతో నా ముందు నుంచే పోతూ, "వానికి అన్నీ తెలుసు" అని నవ్వింది. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. రసం పోయించుకున్నాను.

సూరత్ పోయేవాళ్లు ఆ వంతెన తప్పకుండా చూడండి. సాయంత్రం పూట బాగుంటుంది. నదికి ఏదైనా పెట్టాలనుకుంటే పైనుంచి వద్దు, ఓవారాకు పోండి, పోటు వేళ కనుక్కుని పోండి. ఇక మా బంధువుల్లో ఎవరైనా ఇది చదివితే వాళ్లకు ఒక మాట. ఆ రోజు భోజనాల దగ్గర అక్క చెప్పింది నిజం కాదు. ఆమె మొక్కు తీరింది సూరత్‌లో రమేశ్‌భాయ్ అనే మనిషి చేతుల మీదుగా. నా చేతుల మీదుగా కాదు.